వెదుళ్ల రేవులో రెండో పిలుపు

వెదుళ్ల రేవు దగ్గర చీకటి పడ్డాక ఎవరైనా పిలిస్తే పలకకూడదు.

పనసలగుడలో మాటలు నేర్చే పిల్లలకి ముందు ఈ సంగతే నేర్పుతారు. అరకు నుంచి కాలిదారిన రెండు గంటలు నడిస్తే ఆ ఊరు. కొండ మీద నుంచి ఉరుక్కుంటూ వచ్చే వాగు, వాళ్ల మాటలో గెడ్డ, అక్కడ కాస్త వెడల్పయి నెమ్మదిస్తుంది. రెండు గట్లమీదా వెదురు పొదలు. ఇవతల ఇళ్లు, అవతల చేలు. పగలంతా ఆడవాళ్లు నవ్వుకుంటూ బట్టలు ఉతుక్కునే చోటే అది. పొద్దు వాలిందంటే మాత్రం... కుక్క కూడా అటు పోదు.

ఎప్పుడో ఎవరో వరదలో కొట్టుకుపోయారట. ఎవరని అడిగితే తలా ఒక పేరు చెబుతారు. అందరూ ఒప్పుకునేది ఒక్కటే — రాత్రిపూట అవతలి గట్టు నుంచి పిలుపు వస్తుంది. ఒకసారి వస్తుంది. రెండోసారీ వస్తుంది. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. దెయ్యానికి మూడో పిలుపు లేదు. కాబట్టి మూడోది వినపడేదాకా నోరు మెదపకూడదు.

ఈ కబుర్లు విని నేను చాలాసార్లు నవ్వాను. మాది ఎస్.కోట. శుక్రవారం శుక్రవారం అరకు సంతలో తాళ్లు, ప్లాస్టిక్ పట్టాలు అమ్ముకునేవాణ్ణి. తుపాను అని రేడియో చెబితే ఊరందరికీ గుండెల్లో రాయి పడేది, నాకు బేరం పడేది. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

తొంభై ఎనిమిది నవంబరులో తుపాను వచ్చి వెళ్లాక, ఘాట్ రోడ్డు మీద పడ్డ బండలు తీసి బస్సులు వదిలిన వారం, సుక్రు నా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. పనసలగుడ రైతు. నలభై దాటిన బక్కపల్చటి మనిషి. పక్కన భార్య కనక.

"సావుకారీ, నైలాను తాడు కావాల. గెడ్డకి అడ్డంగా కట్టడానికి," అన్నాడు.

"మీ అడ్డతీగ తాడు ముందు నా నైలాను ఎందుకూ పనికిరాదని పోయినేడు నువ్వే కదయ్యా వెక్కిరించావు?" అన్నాను.

ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి ఆ రోజు నవ్వలేదు. కనక బెల్లం కొంటానని పక్క వరసలోకి వెళ్లింది. ఆమె కనుమరుగయ్యేదాకా చూసి, నా పట్టాల మూట మీద కూర్చుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. అతను చెప్పిందే నేను చెబుతున్నాను.

తుపాను వచ్చిన రోజు మధ్యాహ్నం మండలాఫీసు జీపు మైకులో అరుచుకుంటూ రోడ్డు మీద పోయిందట. లోతట్టు ప్రాంతాలవారు జాగ్రత్తగా ఉండాలని. కొండ మీద కాపురం ఉన్నవాళ్లకి లోతట్టు ఏమిటని అందరూ నవ్వుకున్నారు. ముసలాళ్లు మాత్రం గాలి ఎటు తిరిగిందో చూసి పనుల్లో పడ్డారు. ఇంటికప్పు గడ్డి లేచిపోకుండా వెదురు బద్దలు కట్టి, వాటికి రాళ్లు వేలాడదీశారు. గొడ్లకి పలుపులు విప్పేశారు. విత్తనాల బుట్టలు పొయ్యి మీది అటకెక్కించారు.

సుక్రు వాళ్ల విత్తనం మాత్రం అటక మీద లేదు. కోసిన చోడి వెన్నులు, అంటే రాగి కంకులు, గెడ్డ అవతల, గట్టు పక్కనే ఉన్న చేను పాకలో ఉండిపోయాయి. అవి తడిసి మొలకెత్తితే వచ్చే ఏడు జల్లడానికి గింజ ఉండదు.

"నాను ఎల్లి తెత్తాను. నువ్వు కప్పు కట్టు," అంది కనక.

"గెడ్డ పొంగితే ఏటి సేత్తావు?"

"తాడుంది కదా. బేగి వచ్చేత్తాను."

ఆ తాడు సంగతి చెప్పాలి. ఏటా తొలకరికి ఊరంతా కలిసి అడ్డతీగ నారతో లావుపాటి తాడు పేని, రేవుకి అడ్డంగా ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి కడతారు. నీళ్లు నడుం దాటితే ఎవరూ సొంతంగా దిగకూడదు. అవతలివాళ్లు పిలవాలి. ఇవతల ఒకరు తాడు బిగువు చూసి "రా" అనాలి. ఆ మాట వినపడితేనే నీళ్లలో కాలు పెట్టాలి. ప్రాణాలు నిలబెట్టడానికి పెట్టుకున్న కట్టుబాటు అది.

చీకటి పడింది. కనక రాలేదు.

వాన... మామూలు వాన కాదు. సుక్రు గొంగడి కప్పుకుని రేవుకి పరిగెత్తాడు. టార్చిలైటు రెండు నిమిషాలు వెలిగి చచ్చిపోయింది. గెడ్డ కనిపించడం లేదు, వినిపిస్తోంది. తడుముకుంటూ వెళ్లి తాడు పట్టుకున్నాడు. తాడు బతికిన జంతువులా అదురుతోంది.

పేరు పెట్టి పిలుద్దామంటే... చీకట్లో ఆ రేవు దగ్గర పేరు ఎత్తకూడదు. ఎత్తితే ఆ దెయ్యం పేరు నేర్చుకుంటుందని భయం. కనక కూడా మొగుడి పేరు పలికే మనిషి కాదు. పెళ్లయిన నాటి నుంచీ ఆమెకి అతను "ఓయ్".

"ఓ...య్!"

అవతలి నుంచే.

సుక్రు అటు తిరిగాడు. ఆ హోరులో ఆడగొంతో మగగొంతో కూడా తెలియలేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాడు. ఒకటి.

అవతలి నుంచి ఎవరో లాగినట్టు తాడు ఒక్కసారి కుదిపినట్టయింది.

"ఓ...య్!"

రెండు.

మూడోది వస్తుంది... కనకైతే మూడోసారి పిలుస్తుంది... నోరు తన మాట వినకుండా పలికేస్తుందేమోనని తలగుడ్డ తీసి పళ్ల మధ్య కుక్కుకున్నాడు. రెండు చేతులతో తాడు పట్టుకుని, చెవులు రిక్కించి నిలబడ్డాడు.

వాన. నీళ్లు. ఎక్కడో కొండ మీద చెట్టు విరిగిన చప్పుడు.

మూడో పిలుపు రాలేదు.

ఉన్నట్టుండి చేతుల్లో తాడు వదులైంది. లాగాడు — వచ్చింది. ఇంకా లాగాడు — వస్తూనే ఉంది. చివరికంటా వచ్చేసింది. అవతలి కొసన ముడి అలాగే ఉంది, ముడిలో చెట్టు లేదు.

"పారిపోనేదు సావుకారీ," అన్నాడు సుక్రు. "ఇంటికి పోడానికి కాళ్లు రానేదు. ఆ తాడు ఒళ్లో ఎట్టుకుని తెల్లార్లూ అక్కడే కూకున్నాను."

తెల్లారి చూస్తే అవతల పాక లేదు. పాక ఉన్న గట్టు లేదు. చేనులో సగం కోసుకుపోయింది. సుక్రు తల బాదుకుని ఏడ్చాడు. అంతలో, చేనుకి చాలా ఎత్తున ఉన్న పెద్ద బండ మీద ఏదో కదిలింది. కనక. నెత్తిన చోడి వెన్నుల బుట్ట.

మూడోనాటికి నీళ్లు తీశాయి. ఇవతలికి వచ్చీ రాగానే ఆమె అన్న మొదటి మాట —

"నువ్వు పలికినావు గాబట్టి బతికినాను."

"నానేటి పలికినాను?"

"రెండోపాలి పిలిసినాను కదా. 'దిగొద్దు... పైకి పో... బండ కాడికి పో' అన్నావు. పోనాను. నాను బండెక్కినానో లేదో పాక ఎల్లిపోనాది."

ఇది చెబుతూ సుక్రు నా దగ్గరకి జరిగాడు. సంతలో మిట్టమధ్యాహ్నం, చుట్టూ జనం, అయినా నేను ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

"నాను నోరు తెరవనేదు సావుకారీ. గుడ్డ కుక్కుకున్నాను. మూడో పిలుపు ఎందుకు రానేదో అప్పుడు తెలిసింది. పలికీసినాక మల్లీ ఎందుకు పిలుత్తాది?"

"మరి... పలికింది ఎవరయ్యా?"

"నాకేటి తెల్సు? దెయ్యమో, దేవతో. దానికున్న దయ నాకు నేకపోనాది." మొహం తుడుచుకున్నాడు. "ఊరందరికీ సెప్పుకుంటంది, మా ఆయిన గొంతు ఇని బతికినానని. నాను కాదని ఎలాగ సెప్పను? నువ్వూ సెప్పకు."

జాలేసింది. "పిచ్చివాడా, నువ్వు 'రా' అని ఉంటే ఆమె నీళ్లలో దిగేది. చెట్టు ఊడి కొట్టుకుపోయేది. పలకకపోవడమే మంచిదయింది," అన్నాను.

"అది నానెరిగి సేసింది కాదు కదా," అన్నాడు.

తాడు మోసుకెళ్లడానికి కావిడి బద్ద తెస్తానని అతను లేచి వెళ్లాడు. అంతలో కనక బెల్లం పొట్లంతో వచ్చింది. నోరు మూసుకుని ఉండొచ్చు కదా? నా నోరు అలాంటిది కాదు.

"మీ ఆయన గొంతు గట్టిదేనమ్మా! అంత హోరులోనూ వినపడిందట!" అన్నాను నవ్వుతూ.

కనక నవ్వలేదు. భర్త వెళ్లిన వైపు ఒకసారి చూసి, దుకాణం కర్ర పట్టుకుని ముందుకి వంగింది.

"అది ఆయిన గొంతు కాదు బాబూ."

"మరి ఎవరిది?" అన్నాను.

"ఆడగొంతు," అంది గుసగుసగా. "అవతలి గట్టు నుంచి కూడా కాదు... నా ఎనకాల నిలబడి, సెవి కాడ అంది. బండ దాకా నా ఎనకే నడిసింది. నీళ్లలో అడుగుల సప్పుడు ఇనపడతానే ఉంది. తిరిగి సూడనేదు నాను."

"మరి... ఊరందరికీ ఆయనే పలికాడని—"

"ఆయిన గట్టు మీదే ఉన్నాడని నాకు తెల్సు. ఆ తాడు ఎవులు పట్టుకున్నారో నా సేతికి తెల్దా? పలకనేదని నాకు తెలిసిపోయినట్టు ఆయినకి తెలిత్తే... ఆ మనిసి మరి బతకడు బాబూ. సెప్పకు."

కావిడి బద్ద భుజాన వేసుకుని సుక్రు వచ్చాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏటి సెప్తన్నావు?" అన్నాడు భార్యతో.

"నీ గొంతు గురించే," అంది కనక.

సుక్రు తల వంచుకుని తాడు చుట్ట ఎత్తుకున్నాడు.