పేరు అడిగిన శవం

శవం కిటికీ పక్కన బల్ల మీద ఉంది.

ఆ మాట అన్నది తమ్ముడు. "బుధవారం నుంచి శవమే సార్ ఈ కంప్యూటర్. డిస్కు పోయింది. అక్క గీసిన డిజైన్లన్నీ దాంతోపాటే పోయాయి."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కంప్లెయింట్ ఇచ్చింది అక్క, ఈ బ్యాగుల వర్క్‌షాప్ యజమానురాలు. పిల్లలకు వీపు నొప్పి రాని స్కూలు బ్యాగు కోసం నాలుగేళ్లు ఒళ్లు హూనం చేసుకుంది. సోమవారం డిజైన్ చూపించకపోతే ఆర్డర్ పోటీ కంపెనీకి పోతుంది.

"ఎవరి మీద అనుమానం?"

అక్క గుమ్మం వైపు చూసింది. అక్కడ, విచారణకని వచ్చిన టైలరమ్మ నిలబడి ఉంది. వర్క్‌షాప్ పెట్టిన రోజు నుంచీ కుట్టుమిషన్ ముందు కూర్చునే మనిషి.

"బుధవారం పొద్దున తడిగుడ్డతో బల్ల తుడిచింది. కావాలనే లోపలికి నీళ్లు పోసిందని తమ్ముడు చెప్పాడు. అప్పుడే పనిలోంచి తీసేశాను."

"తుడిచాను. రోజూ తుడుస్తాను. పోయలేదు," అంది టైలరమ్మ.

ఇన్‌స్పెక్టర్ స్విచ్ వేశాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పరిగెత్తి, 'లాగిన్' అన్న మాట దగ్గర ఆగాయి.

"చూశారా, ఇక్కడే చచ్చిపోతోంది," అంది అక్క. "ఇదివరకు రంగుల తెర వచ్చేది. నా పేరు మీద నొక్కితే చాలు."

"చచ్చిన డిస్కు మీ పేరు అడగదమ్మా. టైప్ చేయండి."

"ఎందుకు సార్ టైమ్ వేస్ట్!" అన్నాడు తమ్ముడు.

అక్క పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది. ఇన్‌స్పెక్టర్ ఒక కమాండ్ ఇచ్చాడు. ఆమె డిజైన్ల పేర్లు తెర నిండా బారులు తీరాయి.

అక్క తెర మీదికి వంగి ఒక్కో పేరూ చదివింది.

"ఈ కంప్యూటర్‌ని నడిపేది లినక్స్ అనే సిస్టమ్, అందులోనూ చాలా చిన్న రకం. స్విచ్ వేశాక ఎంతవరకు లేవాలో ఒక ఫైల్లో ఉన్న అంకె చెబుతుంది. దాన్ని రన్‌లెవెల్ అంటారు. ఇందులో ఐదు ఉంటే రంగుల తెర వస్తుంది. మూడు ఉంటే అక్షరాల దగ్గరే ఆగుతుంది. లోపల అంతా క్షేమమే. ఎవరో ఐదు తీసి మూడు పెట్టారు."

"ఎప్పుడు?" అడిగింది అక్క.

"మంగళవారం రాత్రి తొమ్మిదీ పదికి అని ఆ ఫైలే చెబుతోంది. తడిగుడ్డ కంటే ముందు. ఆ అంకె మార్చాలంటే రూట్ పాస్‌వర్డ్, అంటే సిస్టమ్ మొత్తాన్ని మార్చగలిగే పాస్‌వర్డ్, కావాలి. ఎవరి దగ్గరుంది?"

అక్క తమ్ముడి వైపు తిరిగింది. అది అతనొక్కడి దగ్గరే ఉంది.

"ఏమీ చెరపలేదక్కా!" అన్నాడు తమ్ముడు. "సోమవారం దాటాక మళ్లీ ఐదు పెట్టేసేవాణ్ణి. ఆ పోటీ కంపెనీ వాళ్లు నన్ను మేనేజర్‌గా తీసుకుంటామన్నారు."

"నల్ల తెర చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవని నీకొక్కడికే చెప్పుకున్నాన్రా," అంది అక్క. "దాన్నే వాడుకున్నావా?"

ఇన్‌స్పెక్టర్ తమ్ముణ్ణి జీపు వైపు నడిపించాడు.

అక్క టైలరమ్మ చేతులు పట్టుకుంది. "తప్పయిపోయింది. వాడు చెప్పేసరికి నమ్మేశాను. రేపటి నుంచి వచ్చెయ్."

టైలరమ్మ మెల్లగా చేతులు విడిపించుకుంది.

"మీ తమ్ముణ్ణి నమ్మి మీరు మోసపోయారమ్మా. నేను మిమ్మల్ని నమ్మాను."

చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది.