చేతికి కట్టున్న దొంగ

మీడియా రూమ్‌లో మాయమైన కెమెరా దొరకాలి. సాక్షిని మళ్లీ అడగాలి. స్టూడెంట్స్ బ్లాగ్‌లో ఆ పోస్ట్ తీయించాలి. మధ్యాహ్నం డిసిప్లినరీ కమిటీ కూర్చునేలోగా నిందపడ్డ కుర్రాడి సంగతి తేల్చాలి.

ఇవీ ఆ ఉదయం క్యాంపస్ సెక్యూరిటీ ఇన్‌స్పెక్టర్ ముందున్న పనులు. ఒక్కటీ కాలేదు. ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది.

మళ్లీ ఫోన్ తీసి బ్లాగ్ చూసింది.

'కెమెరా కొట్టేసిన నల్లోడు!'

కింద చేతికి తెల్లటి కట్టుతో కీపర్ ఫోటో. ఫుట్‌బాల్ టీమ్‌కి గోల్‌కీపర్ కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆ కింద కామెంట్లు. 'వాళ్ల బుద్ధే అంత.' 'హాస్టల్లో తాళాలేసుకోండ్రా.'

అందులో పాత క్రైమ్ వార్తలు కూడా తిరగేసింది. సైకిల్ దొంగ. ఫోన్ దొంగ. తెల్లగా ఉన్నవాడు దొరికితే 'ఓ విద్యార్థి'. నల్లగా ఉంటే ఆ రంగు హెడ్‌లైన్‌కెక్కింది.

కీపర్ ఎదురుగా కూర్చున్నాడు. రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి వేళ్లు నొక్కుకుంటున్నాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్?"

"గదిలో. నిద్రపోయాను."

"ఎవరైనా చూశారా?"

"నిద్రపోయేటప్పుడు సాక్షుల్ని పిలవాలని తెలీదు మేడమ్."

ఆవిడకి నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

"సీటు పోతే అక్కకేం చెప్పను? మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే. హోటల్ దుప్పట్లు ఉతికి చదివిస్తోంది. పొద్దున్నే ఫోన్ చేసింది. పోస్ట్ చూసిందట. నువ్వు తీశావా అని అడగలేదు. తిన్నావా అని అడిగింది."

ఇన్‌స్పెక్టర్ లేచింది. "ఇక్కడే ఉండు."

మీడియా రూమ్‌లో ముగ్గురున్నారు. బ్లాగ్ ఎడిటర్. వాడి పిన్ని కూతురు, ఫస్టియర్ అమ్మాయి, కేసులో ఒకే ఒక్క సాక్షి. కిటికీకి ఆనుకుని బ్లాగ్ ఫోటోగ్రాఫర్. వాణ్ణి నిచ్చెన అంటారు.

కెమెరా పెట్టే బీరువా ఖాళీ.

"బ్యాటరీ?"

"అదీ పోయింది మేడమ్," అన్నాడు ఎడిటర్.

"అదెక్కడ పెడతారు?"

ఎడిటర్ మూలనున్న కర్టెన్ పక్కకి లాగాడు. "బీరువా దగ్గర ప్లగ్ పాడైంది. అందుకే దీని వెనక ఛార్జింగ్ పెడతాం."

ఛార్జర్ ఖాళీగా ఉంది. ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది.

"ఏం చూశావో చెప్పమ్మా."

"నిన్న సాయంత్రం ఈ గదిలోంచి ఒకడు పరిగెత్తాడు. వెనకనుంచి చూశాను. పొడుగ్గా, నల్లగా ఉన్నాడు. చేతికి తెల్లటి కట్టుంది."

"కట్టు బాగా చూశావా?"

"చూశాను మేడమ్."

"కీపర్ చేతులు నేనిప్పుడే చూసొచ్చాను. కట్టు లేదు. గాయమూ లేదు."

"తీసేసి ఉంటాడు!" ఎడిటర్ అందుకున్నాడు.

"తీసేశాడు. పోయినేడాది." ఆవిడ ఫోన్ వాడి ముందు పెట్టింది. "నీ పోస్ట్‌లో పెట్టిన ఈ ఫోటో అప్పటి ఫుట్‌బాల్ ఫైనల్‌ది. వెనక బల్ల మీద కప్పు చూడు. ఆ కట్టు అప్పటిది. మీ చెల్లి చెప్తున్నది నీ పోస్ట్‌లో చూసిన కట్టు."

అమ్మాయి ఎడిటర్ వైపు తిరిగింది.

"అన్నయ్యా, నేను నీకు పొడుగ్గా ఉన్నాడనేగా చెప్పాను!"

"మరి నాకెందుకలా చెప్పావ్?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"అబద్ధం కాదు మేడమ్. పోస్ట్ చదివాక... నిజంగా అలాగే చూసినట్టనిపించింది."

ఇన్‌స్పెక్టర్ గదిలో అటూ ఇటూ తిరిగింది. ఎడిటర్ ముందు ఆగింది.

"కర్టెన్ వెనక బ్యాటరీ ఉంటుందని ఎవరికి తెలుసు?"

"మా టీమ్‌కే."

"కీపర్ ఎప్పుడైనా ఇందులోకొచ్చాడా?"

"లేదు."

"మీ టీమ్‌లో పొడుగ్గా ఎవరున్నారు?"

అందరి కళ్లూ కిటికీ వైపు తిరిగాయి.

నిచ్చెన కిటికీ వదిలి ముందుకొచ్చాడు. "దొంగతనం అనుకోలేదు మేడమ్. పెళ్లి ఫోటోల బేరమొచ్చింది. అడిగితే ఇవ్వరని పట్టుకెళ్లా. తిరిగి పెట్టేద్దామనుకునేలోగా పోస్ట్ వచ్చేసింది."

"నీ బదులు ఇంకొకడు ఇరుక్కుంటే నోరు మూసుకున్నావ్."

వాడు తల దించుకున్నాడు.

"వీడి మీద నీకు అనుమానమే రాలేదా?" ఎడిటర్‌ని అడిగింది.

"వాడు మనోడు కదా మేడమ్."

"మరి కీపర్ ఎవరోడు?"



కెమెరా నిచ్చెన గదిలో దొరికింది. మధ్యాహ్నం కమిటీ ఫైలు మూసేసింది. కీపర్ వరండాలో నిలబడి ఫోన్ చేశాడు. "అక్కా, సీటుంది." తర్వాత చాలాసేపు అవతలి మాటలు వింటూ ఉండిపోయాడు.

బ్లాగ్ పాత పోస్ట్ తీసేసి, రెండు లైన్ల సవరణ వేసింది. హెడ్‌లైన్ లేదు, ఫోటో లేదు. పాత ఫోటో మాత్రం ఫోన్ నుంచి ఫోన్‌కి ఇంకా వెళ్తూనే ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి కుర్చీలో ఇప్పటికీ కుదురు లేదు.

రేపు ఆ ఫోటో మీ ఫోన్‌కీ రావచ్చు. వస్తే ఆ కుర్రాణ్ణి గుర్తుపెట్టుకోండి. ఆ ఫైనల్‌లో వేలు విరిగినా గోల్ వదిలి బయటికి రాలేదు. కట్టు కట్టించుకుని నిలబడి, ఆఖరి బంతి కూడా ఆపాడు.