నలభై ఒకటో కార్డు

"అపాలింగ్లీ!" అని నేను నిచ్చెన మీంచి అరిచాను.

కింద ఆ పొద్దునే చేరిన ప్రూఫుల అమ్మాయికి అది "ఆపాలింక" అని వినపడింది. పెన్ను మూసింది, ఫ్యాను ఆపింది, సంచీ భుజాన వేసుకుంది.

"చేరి గంట కాలేదు. అప్పుడే పంపించేస్తున్నారా?"

"అయ్యో, ఆ మాటున్న కార్డుల పెట్టె అందివ్వమన్నానండీ!"

"మాటలు పోగేసే ఆఫీసులో ఉంటూ మాట సరిగ్గా పలకరా?"

అలా నాకు మొదటి అక్షింతలు పడ్డాయి.

మాది నిఘంటువు ఆఫీసు. ఇంగ్లీషు మాటకి తెలుగులో అర్థం, దాని కింద ఒక ఉదాహరణ. ఆ ఉదాహరణలు కార్డుల మీద రాసి పెట్టెల్లో సర్దేది నేను కాబట్టి అందరూ నన్ను ముక్కల మాస్టారు అనేవారు. పేకాడకుండానే ఆ పేరు తెచ్చుకున్న మొనగాణ్ణి.

మా ఎడిటరుగారిది ఒకటే పట్టు. ఉదాహరణ అల్లకూడదు, ఎవరో ఎవరితోనో మనసారా అని ఉండాలి. ఎవరు, ఎవరితో, ఏ రోజు అన్నదీ కార్డు మీద ఉండాలి. అల్లినట్టు తేలితే ఉద్యోగం ఊడినట్టే.

ఆ నెల మా ఇద్దరికీ వచ్చినవి ఛీకొట్టే మాటలు. ఎంత ఘోరంగా చేశాడో చెప్పేవి: డిప్లోరబ్లీ, అబామినబ్లీ, డిస్‌గ్రేస్‌ఫుల్లీ, షేమ్‌ఫుల్లీ. చిక్కల్లా ఏమిటంటే, కోపమొస్తే మనవాళ్ళు ఇంగ్లీషు మరిచిపోతారు. పదిహేను రోజులు చెవులు రిక్కించినా ఒక్క కార్డు పుట్టలేదు. నెలాఖరుకి పని తేలకపోతే ఆమె ఉద్యోగం ఖాయం కాదు.

"మనమే పోట్లాడుకుందామండీ. మీరు తిట్టండి, నేను రాసుకుంటాను," అన్నాను.

"కోపం లేకుండా ఎలా తిడతాను?"

"నా ముఖం చూస్తూ ఉండండి. అదే వస్తుంది."

వచ్చింది. టీ తేవడానికి నేను డిప్లోరబ్లీ ఆలస్యం చేశాను. కూనిరాగం అబామినబ్లీ తీశాను. వానలో ఒకే గొడుగు కింద నడుస్తున్నప్పుడు సగానికి పైగా నేనే ఆక్రమించి డిస్‌గ్రేస్‌ఫుల్లీ ప్రవర్తించాను.

"దానికీ షేమ్‌ఫుల్లీకీ తేడా ఏమిటండీ?" అన్నాను, గొడుగు ఆమె వైపు వంచుతూ.

"డిస్‌గ్రేస్‌ఫుల్లీ అంటే పదిమందిలో పరువు పోవాలి. షేమ్‌ఫుల్లీ అంటే, ఒక్కడివే ఉన్నా తలెత్తుకోలేకపోవాలి."

'ఒక్కడివే' అంది. 'అండీ' గొడుగు బయట తడుస్తూ ఉండిపోయింది.

నెలాఖరుకి నలభై కార్డులయ్యాయి. ఆమె ఉద్యోగం ఖాయమైంది. మరి నేను ఖాయమేనా అని అడిగాను.

"అన్నయ్య వచ్చి చూస్తాడు," అంది నవ్వుతూ.

అన్నయ్య వచ్చాడు. లాయరుగారి గుమాస్తా, కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేడు. నా బల్ల దగ్గర కూర్చుని పెట్టె తెరిచాడు. ప్రతి కార్డులోనూ తిట్టింది చెల్లెలు, తిట్లు తిన్నది నేను, తారీఖుతో సహా.

"ఏం మనిషివయ్యా నువ్వు? నెలలో నలభై సార్లు ఏడిపించావా దాన్ని?"

ఆ గొంతుకి ఆఫీసంతా వచ్చి నిలబడింది, ఎడిటరుగారితో సహా.

"అన్నయ్యా, అవన్నీ ఉత్తుత్తివి!" అంది ఆమె.

"ఉత్తుత్తివా?" ఎడిటరుగారు కళ్ళజోడు సవరించుకుని నా వైపు తిరిగారు. "ఏం మాస్టారూ?"

ఎత్తు నాది. చేతిరాత నాది. ఊడేది నా ఉద్యోగం. నేను ఫ్యాను వైపు చూశాను.

"లేదండీ. అన్నీ ఆవిడ మనసారా అన్నవే."

అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇలాంటివాణ్ణి వెనకేసుకొచ్చి అబద్ధం కూడానా? పద ఇంటికి."

ఆమె వెళ్తూ వెళ్తూ ఫ్యాను ఆపేసింది.

మర్నాడు పొద్దున పెట్టెలో ఒక కార్డు ఎక్కువుంది. రాత ఆమెది.

"యూ లైడ్ షేమ్‌ఫుల్లీ." అర్థం: తలెత్తుకోలేనంత అబద్ధమాడావు. ఎవరు: నేను. ఎవరితో: నీతో. ఏ రోజు: నిన్న.

గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. తల లేవలేదు.

ఎడిటరుగారి గదిలో ఆమె రాజీనామా ఇస్తోంది, పక్కన అన్నయ్య. పెట్టె ఎత్తుకెళ్ళి వాళ్ళ ముందు పెట్టాను. ఆఫీసులో అందరినీ పిలిచాను. వానతో సహా, గొడుగుతో సహా చెప్పేశాను. నలభైకి నలభై అల్లినవే, ఎత్తు నాదే, నిన్న అబద్ధమాడింది నేనే, ఆవిడ కాదు.

ఎడిటరుగారు నలభై కార్డులూ చింపారు. ఎంతైనా ముక్కల మాస్టార్ని కదా, ముక్కలే మిగిలాయి.

"మీరు రేపట్నుంచి రాకండి. అమ్మాయ్, నువ్వు నిన్ననే నిజం చెప్పావు. ఆ రాజీనామా వెనక్కి తీసుకో."

అన్నయ్య ముఖం వెలిగిపోయింది. "అంటే ఇతను నిన్నేమీ ఏడిపించలేదన్నమాట! ఏం బావగారూ, ఈ ముక్క నిన్ననే చెప్పొచ్చుగా? ఉద్యోగందేముంది, ఇంకోటి దొరుకుతుంది. నాన్నగారితో నేను మాట్లాడతాను."

ఆమె పెట్టె అడుగున మిగిలిన కార్డు తీసి అన్నయ్య చేతిలో పెట్టింది.

"ఆ నలభై అబద్ధం అన్నయ్యా. ఇది నిజం."