రేవున మిగిలిన పుట్టులు

ఉదయకిరణములు సోకి వజ్రగిరి దుర్గశిఖరములు పసిడి పూసినట్లు వెలుగుచుండగా, ఆవలిగట్టున విడిసిన శత్రుసేన వంటపొగ కృష్ణానది మీదుగా పాకి వచ్చుచుండెను. ఈవలి రేవునుండి మాత్రము పొగకంటె హేయమైన కంపు లేచి, రాజసభలోని కస్తూరీ పరిమళములను సయితము మ్రింగుచుండెను. సభాసదులు పన్నీటి చేలములు ముక్కులకు అద్దుకొనిరేగాని, అది యేమి కంపని ఒక్కడును అడుగడయ్యెను.

మంత్రి దేచనామాత్యుడు లేచి కొమ్మభూపాలునకు మ్రొక్కి యిట్లనెను: "మహాప్రభూ! రేవుపల్లె పుట్టివాండ్రందరు శత్రువుతో కుమ్మక్కై ఏఱు దాటి పాఱిపోయిరి. మన భటులు వారిని చంపిరనుట వట్టి వదంతి. సేనాపతి ఈ మాట దండునకు చాటుటకై తమ చేతి తాంబూలము నందుకొనుగాక!"

రాజహస్తమునుండి తాంబూలము గైకొనుట ఆజ్ఞకు ఒడంబడుట. నిరాకరించుట తలపై ఆశ వదలుకొనుట. అది ఆ కొలువు మర్యాద.

సేనాపతి మాచమనాయడు చేయి చాపడయ్యెను.

"అమాత్యా! వెదురల్లి తోలు కప్పిన ఆ గుండ్రని పడవ, ఆ పుట్టి, పెండ్లినాడు మామ యిచ్చునది. పుట్టివాడు ఊరు విడిచిన, దానిని నెత్తిన బోర్లించుకొనియే పోవును. పుట్టులన్నియు రేవుననే యున్నవి. చంటిబిడ్డలతో ఏఱు ఈదిరా?"

"నాయనిగారికి వారి చేపలపులుసు మిక్కిలి రుచించినట్లున్నది!" అని యొక సామంతుడు పరిహసింప సభ నవ్వెను.

దేచనామాత్యుడును నవ్వి, "సరే, చచ్చిరనియే అనుకొందము. వారు మన గుడికి వచ్చువారా, మన పంక్తిని కుడుచువారా? ఒకడు శత్రుచారుని దాటించెనట. యుద్ధకాలమున ముందు మనము చంపకున్న వారు మనలను చంపరా?" అనెను.

"పాఱిపోయినవారిని చంపితిరా? చంపబడినవారు పాఱిపోయిరా? ఏదో యొకటి తేల్చుకొనుడు! ఆ నోటితో అన్నమెట్లు తినుచున్నారు?" అని మాచమనాయడు గద్దించెను.

అంతలో వాకిట భటులు అడ్డగించిన యొక రేవుపల్లె ముదుసలి, ఎల్లసాని, గొంతు చించుకొని అఱచెను: "నా కొడుకులు పారిపోలేదు సామీ! పారిపోయినోళ్లకు కర్మ ఏందని పీనుగుల్ని ముట్టనీయడంలేదు. కుక్కలు లాగుతున్నాయి. చచ్చినారని ఒక్కమాట చెప్పించండయ్యా!"

రాజు ఆమె వంక చూడక, "నాయడా, దండు చెదరకుండుటకు ఒక్కమాటయే గదా," అని తాంబూలము ముందుకు చాచెను.

"ప్రభూ, కోటకొఱకు నా తల నడుగుడు, ఇచ్చెదను. ఈ మాటకు నా నాలుక నీయను."

మాచమనాయడు ఖడ్గమును సింహాసనము మెట్టుపై నుంచి, ఎల్లసానిని వెంటబెట్టుకొని రేవునకు దిగెను. ఆమె చిన్నకొడుకు శవమును చేతులార ఎత్తి పుట్టిలో పరుండబెట్టి, బురుజుల నున్న సైనికులు వినునట్లు, "వీరు పాఱిపోలేదు! మనము చంపితిమి!" అని ఎలుగెత్తి చాటెను. వెన్నంటి వచ్చి బురుజెక్కిన మంత్రి కనుసన్న నందుకొన్న విలుకాని బాణము వీపున దిగబడగా, పుట్టిని ప్రవాహములోనికి త్రోసి దానివెంటనే నీట కూలెను.

బురుజుపైనున్న సైనికులలో ఒకడు విల్లు క్రింద పెట్టి మెట్లు దిగెను. అతనివెనుక మఱియొకడు దిగెను. ముక్కులు మూసికొనకయే వారు ఒక్కొక్క శవము నెత్తుచుండగా, ఎల్లసాని ప్రతిదాని ముఖము తుడిచి, పేరు పెట్టి పిలిచి, నోరార ఏడ్చెను.