చివరి అచ్చు

స్టాక్‌హోమ్‌లో డిసెంబరు అంటే మధ్యాహ్నం మూడింటికే చీకటి. కిటికీలో కాగితం నక్షత్రం వెలిగించి, కాఫీ, కుంకుమపువ్వు బన్నులు ముందేసుకుని కూర్చున్నాం.

"నీ తెర ఏంటి ఇల్వా, ఇంత ప్రశాంతంగా ఉంది? ఒక్క ప్రోగ్రామూ కూలిపోదా?" అన్నాడు సిక్స్టెన్. మా బృందానికి పెద్ద అతనే.

"నేను రాస్తే అంతే మరి," అన్నాను.

ఒంటరి ముసలివాళ్లు మణికట్టుకు కట్టుకునే పట్టీలకు ప్రోగ్రామ్ మాదే. బొత్తం నొక్కితే సందేశం మాకొస్తుంది, సాయానికి మనిషి పరుగెడతాడు. మేం ప్రోగ్రామ్ రాసే భాష నిండా బ్రాకెట్లే. అందులో రాయడమంటే అచ్చులు, అంటే రాబోయే సందేశాల నమూనాలు, పేర్చడం. వచ్చిన సందేశం పైనుంచి కిందికి ఏ అచ్చుకు సరిపోతే ఆ పని జరుగుతుంది. దేనికీ సరిపోకపోతే ప్రోగ్రామ్ కూలిపోయి, తెర ఎర్రబడుతుంది. కూలనివ్వాలి, అప్పుడే ఎవరో ఒకరు లేచి చూస్తారు. అది మావాళ్ల ఆచారం. నేనేమో ఆ రొద పడలేక చివర ఇంకో అచ్చు చేర్చాను. ఒక్క అడ్డగీత. అందులో ఏదైనా పడుతుంది. పడ్డాక ఏమీ జరగదు.

బల్ల మీద గున్వోర్ అనే పెద్దావిడ పట్టీ ఉంది. వంటింటి నేల మీద చనిపోయి కనిపించిందట. వేలు బొత్తం మీదే ఉందట.

"పట్టీ చెడిందా?" అడిగాడు సిక్స్టెన్.

చెడలేదు. కొత్తరకం పట్టీ, సందేశం చివర బ్యాటరీ సంగతి కూడా కలిపి పంపుతుంది. ఆ ఒక్క ముక్క ఎక్కువైనందుకు నా అచ్చుల్లో దేనికీ సరిపోలేదు. ఆవిడ పిలుపులన్నీ నా గీతలో పడ్డాయి. అలాంటి పట్టీలు ఊళ్లో ఇంకెన్ని చేతులకున్నాయో.

"చెడినట్టే ఉంది," అన్నాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అతను కప్పులు కడగడానికి వెళ్లగానే గీత చెరిపేశాను. గుట్టుగా సరైన అచ్చు రాసేస్తే ఎవరికీ తెలియదనుకున్నాను.

ప్రోగ్రామ్ కూలింది.

తెర మీద గున్వోర్ పట్టీ నంబరు. దాని బ్యాటరీ తీసి పక్కన పెట్టింది నేనే... మళ్లీ కూలింది. మళ్లీ... మాడిన కాఫీ వాసన. కాళ్ల దగ్గర చల్లగా ఎవరిదో ఊపిరి.

మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లలో గుసగుస.

"అమ్మాయ్... విసిగిస్తున్నానేమో... ఏమనుకోకు. లేవలేకపోతున్నా..."

"ఇల్వా, ఏంటా ఎరుపు?" వంటగదిలోంచి సిక్స్టెన్ కేక.

"ఏం లేదు!"

సరైన అచ్చు రాస్తే ఆవిడ పిలుపు లోపలికి వస్తుంది. నాకు ధైర్యం చాల్లేదు. గీతే మళ్లీ రాశాను.

గొంతు మధ్యలోనే తెగింది. ఆవిడ నోరు రెండోసారి నా చేతులతోనే మూశాను. ఇంతకన్నా తలవంపులు ఏముంటాయి?

సిక్స్టెన్ తడిచేతులతో వచ్చి తెర చూశాడు. "భేష్, మళ్లీ ప్రశాంతం," అన్నాడు.

నేను పట్టీనే చూస్తున్నాను. బొత్తం లోపలికి నొక్కుకుని ఉంది.

మెల్లగా పైకి లేచింది.

మళ్లీ నొక్కుకుంది...