కాగితం అంటించిన క్యాసెట్టు

"ఆ పెట్టె ఇవాళైనా బయట పారేస్తారా, లేదా?" ఇల్లాలు మూడోసారి అడిగింది.

"అన్నయ్య వస్తువది. నన్ను మధ్యలోకి లాగకు," అన్నాడు భర్త, పేపరు మడుస్తూ.

"మీ అన్నయ్యగారి పాట నేర్చుకుని పిల్ల అన్నం మింగలేకపోతోంది. ఇంకెప్పుడొస్తారు మధ్యలోకి?"

మధ్యాహ్నం మూడైంది. కారుమబ్బులు కమ్మి వీధి చీకటైపోయింది. ఎదురింటి గోడ మీద పట్టపగలే గుడ్లగూబ అరిచింది...

ఆ పెట్టెలో ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్టు. నలభై ఏళ్ల కిందట బావగారూ, ఆయన స్నేహితులు ముగ్గురూ ప్రింటింగ్ ప్రెస్ వెనక గదిలో రికార్డు చేశారు. మృగంలా గర్జిస్తూ పాడే ఆ సంగీతానికి డెత్ మెటల్ అన్న పేరే అప్పటికింకా స్థిరపడలేదు. వాళ్లు వేదిక ఎక్కింది ఒక్కసారే. విన్నది పదకొండు మంది. కానీ ఆ క్యాసెట్టుకొక కట్టుబాటుండేది. అందుకున్నవాడు రెండు కాపీలు తీసి మరో ఇద్దరికి పంపాలి. అలా అది దేశాలు దాటింది. ఎక్కడెక్కడివాళ్లో ఆ గర్జన నేర్చి బ్యాండ్లు పెట్టారు... ఏడాది తిరక్కుండా మూగబోయి, చచ్చిపోయారు!

రికార్డింగుకు ముందు బావగారు ఒక కపాలం మీద చేయి వేసి ప్రమాణం చేశాడు. తన గర్జన ఎత్తుకున్న ప్రతి కంఠమూ ఆహుతి, దాని ఆయుష్షు తనది! స్నేహితులే ముందు పోయారు. అరవై దాటి తమ్ముడింట్లోనే ఉంటున్న ఆయనకు ఇప్పటికీ ఒక్క వెంట్రుక నెరవలేదు.

లోపలి గదిలో కూతురు కెవ్వుమంది!

ఇద్దరూ పరిగెత్తారు. జుట్టు విరబోసుకుని నేల మీద కూర్చుంది పిల్ల. ఎదురుగా కపాలం, దాని వెనక బావగారు. పక్కన టేప్‌రికార్డర్లో ఆ క్యాసెట్టు తిరుగుతోంది. ఆ లేతకంఠం లోంచి మృగఘోష!

"దగ్గరికి రాకు, అమ్మాయ్!" బావగారు ఇల్లాలిని అడ్డుకున్నాడు. " సొంత రక్తం... దీంతో నాకిక చావు లేదు!"

ఇల్లాలు క్యాసెట్టు లాగేసింది. గర్జన ఆగలేదు. క్యాసెట్టు అంచున చిన్న కాగితం అంటించి ఉంది. దాన్ని గోటితో గీకింది.

"అది పీకకు!" భర్త ఆమె చేయి పట్టుకున్నాడు. "అమ్మ క్యాసెట్టది. గొంతు ఆపరేషన్‌కి ముందు మమ్మల్ని భోజనానికి పిలుస్తూ తన మాట రికార్డు చేసి దాచుకుంది. దాని మీద ఎవరూ మళ్లీ రికార్డు చేయకుండా అంచున ఉండే ప్లాస్టిక్ ముక్క విరగ్గొట్టింది. అన్నయ్య ఆ కంతకి కాగితం అంటించి, అమ్మ మాట మీదే తన గర్జన రికార్డు చేశాడు. అమ్మ మూగగానే పోయింది..."

"అయితే అత్తయ్య మాటే విందాం."

కాగితం పీకి, క్యాసెట్టు మళ్లీ పెట్టి నొక్కింది.

సుయ్యిమనే శబ్దం. దాని అడుగు నుంచి ఒక ముసలి గొంతు...

"పెద్దోడా... ఎన్నిసార్లు పిలవాలిరా?"

పిడుగు పడింది! కపాలం పగిలింది. బావగారు నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు. దొంగిలించిన ఏళ్లన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. జుట్టు నెరిసి, చర్మం ఎండి, చూస్తుండగానే బూడిదైపోయాడు.

పిల్ల నిద్రపోయింది. తల్లి గది ఊడ్చింది. లోకంలో తిరుగుతున్న కాపీలను వెనక్కి పిలిచేదెవరు?

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. పిల్ల ఇబ్బంది లేకుండా మింగింది. తల్లి కళ్లు తుడుచుకుంది.

పిల్ల నీళ్లు తాగి, గ్లాసు దించి, తండ్రి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. గొంతు మాత్రం ముసలిది.

"రేపట్నుంచి వంట నేనే చూసుకుంటాను. ఇక ఎక్కడికీ వెళ్లను... ఇంకొంచెం పెట్టుకో, చిన్నోడా."