ఎలుక ముట్టని వైరు

చీఫ్ ఫోన్‌లో రెండే మాటలన్నాడు. “వాడరేవు. పొద్దుగూకేలోపు.”

మిగతాది ఏజెంట్ ఎలీషాకి తెలుసు. విదేశీ ముఠా మనిషి, కోడ్‌నేమ్ కొంగ, క్షిపణి రాడార్ డిజైన్లున్న పెన్‌డ్రైవ్‌తో ఆ సాయంత్రమే అక్కణ్నుంచి పడవెక్కి దాటిపోతాడు. మిర్చి బయ్యరు వేషంలో గుంటూరు యార్డులో మకాం వేసిన ఎలీషా వెంటనే కారు తీశాడు.

పక్కసీట్లో పార్ట్‌నర్ జాస్మిన్. బయల్దేరేముందు ఆమె కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతుంటే ఏమైందని అడిగాడు. నీకేమవుతుందోనని భయంగా ఉంది అంది. మూడేళ్లుగా ఆ మాట కోసమే కాచుక్కూర్చున్న పిచ్చి మారాజు పొంగిపోయాడు. ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకుంది.

చీరాల ఇంకా దూరముండగానే, పత్తిచేల మధ్య కారు ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజన్ అందుకోవట్లేదు. స్కానర్ తగిలిస్తే, ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సార్ నుంచి సిగ్నల్ రావట్లేదని చూపించింది. మల్టీమీటర్‌తో కొలిస్తే సెన్సార్ నిక్షేపంగా ఉంది. అయితే జబ్బు వైరింగ్‌లోనే ఉండాలి. ఒక్కో వైరూ కొలుచుకుంటూ పోయాడు. సిగ్నల్ వైరు మధ్యలో ఎక్కడో తెగింది.

“ఎలుకలు కొరికుంటాయిలే. వేరే కారు వచ్చేదాకా ఆగుదాం,” అంది జాస్మిన్.

ఎలీషా చెయ్యి ఆగిపోయింది. ఎలుకల బెడద పడలేక, కారం నూనెలో తడిపిన గుడ్డని ఆ వైర్లకి తనే చుట్టాడు. ఇప్పుడా గుడ్డని ఎవరో విప్పి, మళ్లీ వదులుగా చుట్టారు. పట్టకారుతో తీసి చూశాడు. వైరుని బ్లేడుతో సగం కోశారు, మిగతా సగం రోడ్డు గుంతలు తెంపాయి. ఆ గుడ్డ ముట్టుకున్న చేత్తోనే ఎవరో కళ్లు తుడుచుకునుంటారు.

వెళ్లి ఆమె కళ్లద్దాలు తీశాడు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, గుంటూరు కారం పట్టింది. ఈ నీళ్లు చూసా నేను మురిసిపోయింది అనుకున్నాడు. ఆమె లిప్‌స్టిక్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది. అది ఒక్క గుండు పేల్చే లిప్‌స్టిక్ తుపాకీ అని తెలిసిన ఎలీషా దాన్ని లాక్కుని, ఆమె చేతికి బేడీ వేసి సీటుకి తగిలించాడు. తెగిన వైరుని మెలిపెట్టి టేపు చుట్టాడు. ఇంజన్ అందుకుంది.

వాడరేవులో కొంగ పడవెక్కేశాడు, మోటారు మోగుతోంది. లిప్‌స్టిక్‌లోని ఒక్క గుండూ ఆ మోటారులో దిగింది. నీళ్లలోకి దూకిన కొంగని ఎలీషా ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు, జేబులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ తడవకుండా దొరికింది.

కారు దగ్గరికొచ్చేసరికి జాస్మిన్ ఏడుస్తోంది. “ఇవి కారం కన్నీళ్లు కావు, ఎలీషా.”

“కాకపోవచ్చు,” అన్నాడు మల్టీమీటర్‌ని పెట్టెలో సర్దుకుంటూ. “అది కొలిచే మీటర్ నా దగ్గర లేదు.”